మూడు ఊర్లు.. ఒక గాడి

మా ఇంటి వరండాలో ఒక మెషిన్ ఉంది. బల్ల మీద పెడితే నా ఛాతీ దాకా వస్తుంది. బరువు దగ్గర దగ్గర 50 కిలోలు. దాన్ని మొదటిసారి ఆన్ చేసిన రోజు పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి తొంగి చూసి, "ఏంది బిడ్డా, గిర్నీ పెట్టినవా?" అని అడిగింది. మిల్లింగ్ మెషిన్ అని చెప్పాను. "అదే గదా, మిల్లు! జొన్నలు పడ్తవా?" అంది.

జొన్నలు కాదు, ఇనుము. డ్రిల్లింగ్ మెషిన్ కింద మీద మాత్రమే పోతుంది, రంధ్రం చేస్తుంది. మిల్లింగ్ మెషిన్‌లో తిరిగే కటర్ కింద ముక్కనే అటూ ఇటూ జరుపుతాం. గాడి కోయొచ్చు, అంచు చదును చేయొచ్చు, మూల తీయొచ్చు. ఫ్యాక్టరీల్లో ఉండేవి గదంత ఉంటాయి. ఇంట్లో సరదాగా పని చేసుకునేవాళ్ల కోసం ఇట్ల చిన్నవి కూడా వస్తున్నాయి.

నాది జగిత్యాల. టవర్ సర్కిల్ దగ్గర మొబైల్ రిపేర్ కౌంటర్. 2019లో 'మల్లేశం' సినిమా చూసినప్పటి నుంచి నాకు మెషిన్ల పిచ్చి పట్టింది. చీర ఆసు పోసీ పోసీ అమ్మ భుజాలు పడిపోతుంటే చూడలేక, 1999లో ఆసు యంత్రం తయారు చేసిన చింతకింది మల్లేశం కథ అది. ఆయనకు 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. పెద్ద చదువు లేని మనిషి అంత చేస్తే, నేను కనీసం ఒక గాడి కోయలేనా అనుకున్నాను. చిట్టీ ఎత్తి, 55 వేలు పెట్టి సెకండ్ హ్యాండ్‌లో ఈ మెషిన్ తెచ్చాను.

కోయలేకపోయాను. ఆ కథే ఇది.

మామ సాంచా ఆగింది

మా మేనమామది సిరిసిల్ల, బీవై నగర్. ఇంటి ముందు గదిలో నాలుగు సాంచాలు. బయటివాళ్లు పవర్‌లూమ్ అంటారు, పేపర్లో మరమగ్గం అని రాస్తారు, సిరిసిల్లలో మాత్రం సాంచా. మామది ఆసామి బతుకు. అంటే సాంచాలు తనవే, కానీ నూలు భీమ్ సేటుది. నేసి ఇచ్చిన మీటర్లకు కూలి కట్టిస్తారు. సాంచా ఆగితే మీటర్లు లేవు, మీటర్లు లేకపోతే పైసలు లేవు.

ఒక సాంచాలో ఇనుప పట్టీ విరిగింది. దాని పని చెప్తాను, ఎందుకంటే అసలు లొల్లి అంతా దానిదే. నాడె ఒకసారి అటు నుంచి ఇటు పోతే ఒక పోగు పడుతుంది. దాన్ని పిక్కు అంటారు. పిక్కు పడ్డప్పుడల్లా బట్ట కొంచెం ముందుకు చుట్టుకోవాలి. దానికి ఒక పళ్ల చక్రం ఉంటుంది. పిక్కుకి ఒక పన్ను చొప్పున ఒక కొక్కెం దాన్ని నెడుతుంది. ఆ కొక్కెం వెనక ఉండేదే మా పట్టీ. మధ్యలో 10 మిల్లీమీటర్ల వెడల్పు, 60 మిల్లీమీటర్ల పొడవు గాడి. అందులో బోల్టు జరిపి, కొక్కెం ఎంత దూరం కొట్టాలో బిగిస్తారు. గాడి అంచులు వంకరగా ఉంటే బోల్టు జారుతుంది. బోల్టు జారితే కొక్కెం పన్ను తప్పుతుంది. పన్ను తప్పితే రెండు పోగులు ఒకే చోట పడి బట్ట మీద గీత పడుతుంది. గీత పడ్డ తాన్‌కు సేటు కూలి కోస్తాడు.

ఆ పట్టీకి అప్పటికే రెండుసార్లు వెల్డింగ్ పెట్టారు. మామ లేత్ షాపుకు పోతానంటే నేనే ఆపాను. "నాకియ్యి మామా, నాలుగు రోజుల్ల కొత్తది చేసిస్త" అని విరిగిన పట్టీ సంచిలో వేసుకుని వచ్చాను.

నాలుగు రోజులు కాదు, పదకొండు రోజులైంది. మామ మధ్యలో రెండుసార్లు ఫోన్ చేశాడు. పట్టీ సంగతి ఒక్కసారి కూడా అడగలేదు. "అవ్వ మంచిగున్నదా? బాపు పొలం కాడికి పోయిండా?" అని అడిగి పెట్టేశాడు. తిట్టినా బాగుండేది.

ఈ లోపు నా దగ్గర రెండు కటర్లు విరిగాయి, ఒకటి మొద్దుబారింది. మెషిన్ పని చేస్తుంటే వీధి చివర దాకా ఒర్రుడు వినిపించేది. కోసిన గాడి ఒక కొసన 10.1, ఇంకో కొసన 10.6. అంచు చూస్తే ఎలుక కొరికినట్టు ఉంది. చిన్న మెషిన్ కదా, దీని తాకత్ ఇంతే అనుకున్నాను. హైదరాబాద్‌లో 2023లో టీ-వర్క్స్ తెరిచారు, అక్కడ పెద్ద పెద్ద మెషిన్లున్నాయి, పొమ్మన్నాడు ఒక దోస్తు. పోదామనే అనుకున్నాను. పోయే ముందు మా ఊర్లోనే ఒకసారి అడుగుదామనిపించింది.

జగిత్యాల: వీడియో చూడలేదు, విన్నాడు

జగిత్యాల అంటే అందరికీ ఖిల్లా గుర్తొస్తుంది. నక్షత్రం ఆకారంలో ఉంటుంది, చుట్టూ కందకం. 1747లో కట్టారని, ఫ్రెంచి ఇంజినీర్ల పనితనమని చెప్తారు. ఆ ఇంజినీర్లు జాక్, టాల్ పేర్ల మీదే ఊరికి పేరు వచ్చిందని కూడా ఒక కథ ఉంది. చిన్నప్పుడు ఆ గోడల మీద పతంగులు ఎగరేసిన నాకు, ఆ రాళ్ల మధ్య కత్తి మొన కూడా దూరదన్న సంగతి ఎప్పుడూ పట్టలేదు. ఈసారి లేత్ షాపుకు పోతూ కాసేపు ఆగి చూశాను. పని నేర్చుకునేటప్పుడు కళ్లు కూడా మారతాయేమో.

మా దగ్గర లేత్ షాపులకు ట్రాక్టర్లు, హార్వెస్టర్లు, బోరు మోటర్లే గిరాకీ. నేను వెళ్లిన షాపులో ఉస్తాద్ ఒక రోటవేటర్ షాఫ్ట్ మీద పని చేస్తున్నాడు. నేను ఫోన్ తీసి నా మెషిన్ కోసే వీడియో పెట్టాను. ఆయన స్క్రీన్ వైపు చూడనే లేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఇది కోస్తలేదు బేటా. ఒణుకుతున్నది. చలి జ్వరం అచ్చినట్టు" అన్నాడు. అప్పుడు వీడియో చూశాడు. చూసి నవ్వాడు. "కటర్‌ని డ్రిల్ చక్‌ల పెట్టినవేంది?"

ఇదే నా మొదటి తప్పు. మీ దగ్గర చిన్న మిల్లింగ్ మెషిన్ ఉంటే మీరు కూడా ఇదే చేసి ఉంటారు. డ్రిల్ చక్ మూడు దవడలతో పట్టుకుంటుంది. పైనుంచి కిందికి ఒత్తే పనికి అది చాలు. మిల్లింగ్‌లో కటర్‌ని పక్క నుంచి తోస్తాం. పక్క తోపుకు చక్ వదులవుతుంది, కటర్ మెల్లగా కిందికి జారుతుంది, ఒక్కోసారి చక్కే ఊడి పడుతుంది. కటర్‌ని చుట్టూ సమానంగా పట్టుకునేది కొల్లెట్. పైనుంచి పొడుగు బోల్టుతో లాగి బిగిస్తారు. "నా దగ్గర లేదు ఉస్తాద్" అన్నాను. సాయంత్రం నమాజ్ అయ్యాక ఆయనే స్కూటర్ మీద మా ఇంటికి వచ్చి, మెషిన్‌తో పాటు వచ్చిన పెట్టె అడుగు నుంచి నూనె కాగితంలో చుట్టి ఉన్న కొల్లెట్ తీసి నా చేతిలో పెట్టాడు. అది ఏదో ఫాల్తూ సామాను అనుకుని నేను ముట్టుకోనే లేదు.

తర్వాత గంటసేపు ఆయన ఒక్క ముక్క కూడా కోయలేదు. అన్నీ బిగిస్తూ పోయాడు. కటర్ కొల్లెట్ నుంచి 40 మిల్లీమీటర్లు బయటికి ఉండేది, దాన్ని 20కి లోపలికి తోశాడు. "పొడుగు సగం చేస్తే వంగుడు సగం కాదు, ఎనిమిదో వంతు అయితది" అన్నాడు. తర్వాత ఇంటికి పోయి పుస్తకంలో చూస్తే నిజమే, వంగడం పొడవు ఘనంతో పెరుగుతుంది.

టేబుల్ పక్కన చిన్న స్క్రూలున్నాయి. వాటి వెనక గిబ్ అనే సన్నటి పట్టీ ఉంటుంది. అది వదులుంటే టేబుల్ పక్కకు ఊగుతుంది. హ్యాండిల్ తిప్పితే కొంచెం బరువుగా తగిలేదాకా వాటిని బిగించాడు. కోసేటప్పుడు ఒక దిక్కే కదలాలి, మిగతా దిక్కులు లాక్ చేయాలని చెప్పాడు.

ఆఖరికి సైకిల్ పుల్ల ఒకటి వంచి కొల్లెట్‌లో పెట్టి, చేత్తో గుండ్రంగా తిప్పాడు. పుల్ల కొస ఎడమ వైపు కాగితానికి తగిలింది. కుడి వైపు కింద విజిటింగ్ కార్డ్ దూరేంత సందు. అంటే మెషిన్ తలకాయే పక్కకు వాలి ఉంది. బోల్టులు వదులు చేసి, కొద్దికొద్దిగా తట్టి, నాలుగు దిక్కులా ఒకే తీరుగా తగిలేదాకా సరిచేశాడు. డయల్ గేజ్ ఉంటే ఇంకా మంచిది, లేకపోతే సైకిల్ పుల్లతోనైనా చేయాల్సిందే.

"మెషిన్ చిన్నది అయితే ఏమైతది? వదులు ఉండొద్దు" అని చాయ్ తాగి లేచాడు. పైసలు ఇవ్వబోతే తీసుకోలేదు. "కోసే లెక్క మాత్రం నాకంటే మంచిగ చెప్పేటాయన కోరుట్లల ఉన్నడు" అని నంబరిచ్చాడు.

కోరుట్ల: కత్తెర ఆగితే ఆకు చినుగుతది

జగిత్యాల నుంచి కోరుట్ల పాతిక కిలోమీటర్లు. 63వ నంబర్ జాతీయ రహదారి మీద బస్సు. దారికి అటూ ఇటూ మామిడి తోటలు, వరి, మధ్యమధ్య పసుపు చేన్లు. కిటికీ పక్కన కూర్చుంటే ముప్పావు గంట ఎట్ల పోయిందో తెలియదు. ఈ దారిలో ఏ ఊర్లో దిగినా దుబాయ్‌లోనో, సౌదీలోనో ఒక మనిషి లేని ఇల్లు తక్కువ. బీడీలు చుట్టని వాకిలి ఇంకా తక్కువ.

నేను వెతుక్కుంటూ పోయిన పెద్దాయన ఇంట్లో కూడా అంతే. వాకిట్లో ఆయన భార్య చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆయన ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీలో టర్నర్. 2015 డిసెంబర్‌లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. "సీజన్ అయిపోయినంక చెరుకు పిండే రోలర్లకు గాడులు మల్ల కోసేది మేమే" అన్నాడు. రోలర్ మీద గాడులు అరిగిపోతే చెరుకు జారుతుంది, రసం సరిగ్గా రాదు. నా 60 మిల్లీమీటర్ల గాడి గురించి చెప్పడానికి కొంచెం సిగ్గనిపించింది. ఆయన మాత్రం వెర్నియర్ తెచ్చి, నేను పాడు చేసిన పట్టీలను ఒక్కొక్కటే కొలిచాడు.

"ఎంత స్పీడ్‌ల తిప్పినవ్?"

"ఫుల్‌లో. 2500."

"ఎందుకు?"

స్పీడ్ ఎక్కువైతే మంచిగ తెగుతుందని అనుకున్నా. ఆయన నేల మీద సుద్దముక్కతో రాశాడు: 8000. "మామూలు ఇనుముకు, హెచ్‌ఎస్‌ఎస్ కటర్‌కు ఇది యాదిపెట్టుకో. 8000ని కటర్ ఎన్ని మిల్లీమీటర్లుంటే దానితోని భాగించు. 8 మిల్లీమీటర్ల కటర్ అయితే 1000. పది అయితే 800. ఆరు అయితే 1300. అల్యూమినియం అయితే దీనికి మూడింతలు పోవచ్చు." ఇనుము మీద కటర్ అంచు నిమిషానికి దాదాపు 25 మీటర్ల వేగంతో పోవాలన్నదే ఆ లెక్క వెనక ఉన్న సంగతి. నేను దానికి రెండున్నర రెట్లు తిప్పి, కటర్ అంచును కాల్చేశాను.

"మరి ఎంత మెల్లగ తోసినవ్?"

ఇక్కడ నేను గర్వంగా చెప్పాను. చాలా మెల్లగా, భయం భయంగా, వెంట్రుకంత వెంట్రుకంత తోశానని. ఆయన తల అడ్డంగా ఊపాడు. కటర్‌కు నాలుగు పళ్లున్నాయి. ఒక్కో పన్ను ప్రతి చుట్టులో కొంచెం ఇనుము కొరకాలి. కొరకడానికి దొరకనంత మెల్లగా తోస్తే పన్ను కోయదు, రుద్దుతుంది. రుద్దితే వేడి, వేడికి మొద్దు, మొద్దుకు ఒర్రుడు. "పన్నుకు 0.02 మిల్లీమీటర్లు అనుకో. నాలుగు పళ్లు, వెయ్యి చుట్లు. నిమిషానికి ఎంతాయె?" 80 మిల్లీమీటర్లు. అంటే నా గాడి ఈ కొస నుంచి ఆ కొసకు 45 సెకన్లలో పోవాలి. నేను ఐదు నిమిషాలు తీసుకునేవాణ్ని.

అప్పటిదాకా మాట్లాడని పెద్దమ్మ చేతిలో ఆకు ఎత్తి చూపించింది. రేకు ముక్క అచ్చు పెట్టి, కత్తెరతో ఒకే ఊపులో చుట్టూ కోసేసింది. "నడుమల కత్తెర ఆగితే ఆకు చినుగుతది కొడుకా. భయపడుకుంట కోస్తే బీడాకు రాదు" అంది. ఒక రోజుకు ఎన్ని వందల ఆకులు అట్ల కోస్తుందో. మా ఇద్దరికీ అంతకంటే తేలికగా అర్థమయ్యే మాట ఇంకొకటి దొరకలేదు.

"గట్లని లోతు ఎక్కువ తీయకు" అన్నాడు పెద్దాయన. "నీ మెషిన్‌కు ఒక్కసారికి అర మిల్లీమీటర్ చాలు. లోతుల ఓపిక పట్టాలె, తోసుట్ల ధైర్నం ఉండాలె." నేను దీనికి సరిగ్గా ఉల్టా చేశాను. రెండు మిల్లీమీటర్ల లోతు దించి, పిరికిగా తోశాను.

కటర్లు ఎందుకు విరిగాయో కూడా అక్కడే తెలిసింది. మన చిన్న మెషిన్ల హ్యాండిల్ వెనక్కు తిప్పితే, టేబుల్ కదలకముందే కొంచెం ఖాళీగా తిరుగుతుంది. దాన్ని మెకానిక్‌లు ప్లే అంటారు. కటర్ పళ్లు తిరిగి వచ్చే దిక్కుకు ఎదురుగా ముక్కను తోస్తే ఆ ప్లే బాధ ఉండదు. పళ్లు పోయే దిక్కుకే తోస్తే కటర్ ముక్కను తన వైపుకు గుంజుకుంటుంది. ప్లే ఉన్నంత మేర టేబుల్ ఒక్కసారి దుంకుతుంది. టక్‌మని కటర్ విరుగుతుంది. నా రెండు కటర్లు అట్లనే పోయాయి.

లేచేటప్పుడు ఇంకొకటి చెప్పాడు: 10 మిల్లీమీటర్ల గాడికి 10 మిల్లీమీటర్ల కటర్ పెట్టొద్దు. అది కొంచెం ఊగినా గాడి పెద్దదైపోతుంది, మళ్లీ చిన్నది చేయలేం. 8 పెట్టి మధ్యలో కోసి, తర్వాత రెండు అంచులూ తీయాలి.

బస్టాండ్ దాకా నాతో నడిచి వచ్చాడు. ఫ్యాక్టరీ మళ్లీ తెరుస్తారని ఇప్పటికీ ఎవరో ఒకరు అంటుంటారట. "తెరిస్తే పిల్లలకు పని నేర్పేటోళ్లు కావాలె గదా" అన్నాడు. అంతకంటే ఎక్కువ మాట్లాడలేదు.

వరండాలో రాత్రి

ఆ రాత్రి అన్నం తిన్నాక మెషిన్ ముందు కూర్చున్నాను. కోసే ముందు, వాళ్లిద్దరూ చెప్పినవన్నీ బొగ్గుతో వరండా గోడ మీద రాసుకున్నాను. అవ్వ తిట్టింది. ఆ రాత ఇంకా అక్కడే ఉంది:

- ఎండ్ మిల్ కొల్లెట్‌లోనే. డ్రిల్ చక్ రంధ్రాలకు మాత్రమే.
- కటర్ ఎంత తక్కువ బయటికి ఉంటే అంత మంచిది.
- కదలని దిక్కులన్నీ లాక్.
- ఇనుముకు 8000ని కటర్ సైజుతో భాగించు.
- లోతు అర మిల్లీమీటర్. తోపు ఆగొద్దు.
- పళ్లకు ఎదురుగా తోయాలి.
- రజను బ్రష్‌తో ఊడ్చు. చేత్తో ముట్టకు.
- కళ్లద్దాలు పెట్టుకో. గ్లౌజులు వద్దు, కటర్ చుట్టుకుంటది.

8 మిల్లీమీటర్ల మందం పట్టీని వైస్‌లో పెట్టాను. కింద రెండు పక్కలా ఒకే ఎత్తున్న చదును ముక్కలు, మధ్యలో కటర్ దిగడానికి ఖాళీ. వైస్ బిగించి, చెక్క సుత్తితో పట్టీని తట్టి కింద ఆనించాను. ముందు డ్రిల్ చక్ పెట్టి రెండు కొసల్లో రంధ్రాలు వేశాను, కటర్ దిగడానికి దారి. తర్వాత కొల్లెట్, 8 మిల్లీమీటర్ల కటర్, 1000 స్పీడ్, ఒక చుక్క కటింగ్ ఆయిల్.

మొదటి అర మిల్లీమీటర్ తోస్తుంటే మెషిన్ ఆగిపోయిందేమో అనుకున్నాను. అంత నిమ్మళంగా ఉంది. ఒర్రుడు లేదు. సన్నగా, మెత్తగా, బియ్యం చెరిగినట్టు ఒక చప్పుడు. ఇంతకుముందు పొడి పొడిగా, నల్లగా రాలే రజను, ఇప్పుడు వెండి రంగులో చిన్న చిన్న గోటి ముక్కల్లా వంకర తిరిగి పడుతోంది. అదే గుర్తు: పొడి రాలితే రుద్దుతున్నట్టు, నీలం రంగు తిరిగితే కటర్ కాలుతున్నట్టు, వెండి రంగు ముక్కలు రాలితే కోస్తున్నట్టు.

పదహారు సార్లు దించాను. ప్రతిసారి రజను ఊడ్చాను. లేకపోతే కటర్ కోసిన ముక్కలనే మళ్లీ కోస్తూ అంచు పాడు చేసుకుంటుంది. తర్వాత రెండు అంచులూ తీశాను. ఆఖరి సారి 0.1 మిల్లీమీటరే. వెర్నియర్ పెట్టి కొలిచాను. ఒక కొసన 10.05. ఇంకో కొసన 10.05. టైం చూస్తే పదకొండున్నర. నమ్మకం కుదరక మూడోసారి కొలిచాను.

సిరిసిల్ల: ఆకురాయి పని

ఆదివారం పొద్దున వేములవాడ బస్సు ఎక్కాను. రాజన్న దర్శనానికి పోయే జనంతో కాలు పెట్టే జాగా లేదు. నా సంచిలో ఉన్న ఇనుప ముక్క ఒకావిడ మోకాలికి తగిలితే, "ఏందయ్యా అది, మొక్కా?" అని అడిగింది. ఒక రకంగా మొక్కే. వేములవాడలో బస్సు మారి సిరిసిల్లలో దిగాను.

సిరిసిల్ల కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది. బీవై నగర్ గల్లీలోకి మలుపు తిరగ్గానే టకటక టకటక, ఇంటింటా సాంచాలు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లతో రాష్ట్రమంతా ఈ ఊరి పేరు వినిపించింది. నల్ల పరంధాములు, ఆయన తర్వాత కొడుకు విజయ్ అగ్గిపెట్టెలో పట్టే చీర నేసింది కూడా ఈ ఊర్లోనే. ఆర్డర్ ఉన్న రోజుల్లో ఇక్కడ మాట్లాడాలంటే అరవాలి. ఆర్డర్ లేని రోజుల్లో గల్లీ నిశ్శబ్దంగా ఉంటుంది. ఇక్కడివాళ్లకు ఆ నిశ్శబ్దమే భయం.

మామ ఇంట్లో మూడు సాంచాలు నడుస్తున్నాయి. నాలుగో దాని మీద బట్ట కప్పి ఉంది. అత్త నన్ను చూసి, చాయ్ పెట్టే ముందే వేళ్ల మీద లెక్క పెట్టింది. "పన్నెండు రోజులు అల్లుడా" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం చాయ్ చేదుగా తగిలింది. నేను సరదాగా నేర్చుకున్న ప్రతి పాఠానికి ఈ ఇంట్లో ఒక రోజు కూలి పోయింది.

పట్టీ బిగించడానికి జాబర్‌ను పిలిచారు. సాంచాలు సరిచేసే మేస్త్రీని అట్ల పిలుస్తారు. ఆయన గాడిలో బోల్టు పెట్టి జరిపాడు. బోల్టు కదల్లేదు. మధ్యలో పట్టేసింది. నా గుండె జారింది. 10.05 కదా, రెండు దిక్కులా కొలిచాను కదా!

జాబర్ ఏమీ అనలేదు. బొటనవేలు గాడి అంచు మీద పెట్టి నడిపించాడు. నా వేలు కూడా తీసుకుని అక్కడ పెట్టాడు. కంటికి కనపడని ఇనుప పొర, కత్తి అంచులా గీసుకుంది. కటర్ బయటికి పోతూ పోతూ వదిలిన బుర్ అది. నేను గాడి లోపల కొలిచాను కానీ అంచు తడిమి చూడలేదు. "కటర్ పని అయిపోయినంక ఆకురాయి పని సురువు అయితది తమ్మీ" అని, జేబులోంచి చిన్న ఆకురాయి తీసి రెండు దిక్కులా అంచులకు నాలుగు పట్లు పట్టాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఈసారి బోల్టు గాడిలో ఈ కొస నుంచి ఆ కొసకు జారింది, ఎక్కడా ఆగలేదు, ఎక్కడా ఊగలేదు.

మామ బట్ట తీసి సాంచా స్టార్ట్ చేశాడు. మూడు సాంచాల టకటకలో నాలుగోది కలిసింది. నేను పట్టీ వైపే చూస్తున్నాను. మామ పట్టీ చూడలేదు. జానెడు బట్ట పడేదాకా ఆగి, కిటికీ వెలుతురుకు ఎదురుగా వంగి బట్టను చూశాడు. మళ్లీ జానెడు. మళ్లీ చూశాడు. గీత లేదు.

"ఇంకో మూడు చెయ్యి" అన్నాడు.

మిగతా మూడు సాంచాలకు కూడా వెల్డింగ్ పెట్టిన పాత పట్టీలే ఉన్నాయి. అవి కూడా ఏదో ఒక రోజు విరుగుతాయి. నేను సరేనన్నాను, ఎన్ని రోజులో మాత్రం ఈసారి నోరు జారలేదు. పాతవి విప్పొద్దని, కొత్తవి తెచ్చాకే మారుద్దామని చెప్పాను. మామ తలూపాడు.

బయల్దేరేటప్పుడు చొక్కా జేబులో పైసలు కుక్కాడు. వద్దంటే వద్దన్నాను. పన్నెండు రోజుల కూలి పోగొట్టినోణ్ని, నేనే ఇవ్వాలి. మామ చేయి వెనక్కు తీసుకోలేదు.

"లేత్ షాపుల గింతే తీస్కుంటరు. నువ్వు తీస్కోకపోతే రేపు పట్టీ ఇరిగితే నిన్నెట్ల అడుగుత?"

తీసుకున్నాను. తిరిగి వచ్చే బస్సులో ఆ నోట్లు లెక్కపెట్టలేదు. ఒక కొత్త కటర్‌కు, ఒక ఆకురాయికి సరిపోతాయని మాత్రం తెలుసు. వరండా గోడ మీద ఆఖరి లైన్ ఒకటి మిగిలిపోయింది. ఇంటికి పోగానే బొగ్గుతో రాశాను: 'అంచు తడిమి చూడు.'